సరసమ్మ కుడిచేయి

మా తోడికోడలు సరసమ్మకు పొగరెక్కువ. అయితే పనిమంతురాలు, ఆ మాట కాదంటే నా కళ్ళు పోతాయి. తమిళనాడులో మా ఇండూరు చుట్టుపక్కల పట్టుపురుగులు మేపే ఇళ్ళలో ఎక్కడ పురుగు సొక్కి వాలినా ముందు ఆమెకే కబురు వచ్చేది. నేను, సౌభాగ్యం, ఆ ఇంటికి చిన్నకోడలినై ఇరవై ఆరేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆమె ఒక్క మాత్ర మింగగా చూడలేదు. జ్వరమొస్తే మిరియాల కషాయం, తలనొప్పికి శొంఠి పట్టు, అంతే.

పురుగులకు మాత్రం మాత్రలు పోసేది. ఎండలు ముదిరితే పట్టుపురుగు మెత్తబడి, నల్లబడి, తల వేలాడేసి చస్తుంది. ఒకటి చచ్చిందంటే రెండో రోజుకి తట్ట తట్టంతా కంపు. మనుషులు మింగే క్యాప్సూళ్ళు విప్పి నీళ్ళలో కలిపి మల్బరీ ఆకు మీద చల్లితే రోగం నిలుస్తుందని పన్నెండేళ్ళ కింద ఎవరో చెప్పారు. బకెట్‌కు నాలుగు వేయమంటే, "చిన్న ప్రాణాలు, తట్టుకుంటాయా!" అని ఈమె రెండే వేసింది. నిలిచింది. మరుసటి ఏడు రెండు చాలలేదు, నాలుగు వేసింది. తర్వాత ఎనిమిది. అదీ పనిచేయకపోతే వేరే రంగు గుళికలు, అవీ చాలకపోతే ఇంకో రంగువి తెచ్చింది. అన్నీ కుడిచేత్తోనే కలిపేది. తొడుగు వేసుకోమని నేనంటే, "రబ్బరు వాసన పురుగుకు పడదే, పిచ్చిదానా" అని కసురుకునేది.

పోయిన పంగుని నెల ఎండల్లో, పురుగులు పొర విడిచే నాలుగో నిద్ర లేచి ఆకు మీద పడి తినే రోజుల్లో, మల్బరీ కొమ్మ కోస్తుంటే కొడవలి జారి ఆమె కుడిచేతి చూపుడు వేలు తెగింది. పసుపద్ది గుడ్డ చుట్టుకుని మళ్ళీ ఆకు కోసింది. మూడో నాటికి చేయి బూరెలా ఉబ్బింది. ఊళ్ళో డాక్టరు ఇచ్చిన మాత్రలు జీవితంలో మొదటిసారి మింగింది. తగ్గలేదు. ఐదో రోజు పొద్దున ముంజేతి మీద ఎర్రగీత ఒకటి మోచేతి వైపు పాకడం చూసి నేను అరిచాను.

"అరవద్దే. పురుగులకు ఆకు వేసి పోదాం."

"పురుగులా! నీ చేయి పోతా ఉండాది అక్కా!" అని రెక్క పట్టుకుని ధర్మపురి బస్సు ఎక్కించాను. పురుగులను అక్క కోడలు, చంటిపాప తల్లి శాలినికి అప్పగించాం.

ఆసుపత్రిలో డాక్టరు దేవిప్రియ పుండు కోసి చీము తీసి పరీక్షకు పంపింది. చిన్న వయసే, మాట మాత్రం కరుకు. ఎర్రగీత చివర పెన్నుతో ఒక గుర్తు పెట్టి, నన్ను పక్కకు పిలిచి తమిళంలో చెప్పింది: "ఇది దాటితే వేళ్ళు తీసేయాల్సి రావచ్చు. మోచేయి దాటితే చేయి దక్కుతుందని చెప్పలేను."

నా నోట్లో నువ్వుగింజ నానదు. పోయి అక్కకు చెప్పేశాను. ఆమె ఏడవలేదు. "కుడిచేయి లేకుంటే నేను దేనికి పనికొస్తాను సౌభాగ్యం?" అంది. ఆ మాటకు నేనే ఏడ్చాను.

సూది మందు ఎక్కించారు. సాయంత్రానికి గీత గుర్తును తాకింది. వేరే మందు వేశారు. మరునాడు పొద్దుటికి వేలెడు దాటింది. అదే పొద్దున శాలిని ఫోను. పురుగులు మెత్తబడుతున్నాయంది, గొంతులో ఏడుపు. అక్క జ్వరంతో మూలుగుతూనే ఒక మందు పేరు చెప్పి, అంది: "పాపారపట్టి అంగడిలో ఆవులకేసే సూది మందు సీసా ఉండాదంట. రొంబ గట్టి మందు. అది తెచ్చి నీళ్ళలో కలిపి చల్లు."

నేను పక్కనే ఉన్నాను. విన్నాను. ఒక్క మాట అడ్డం చెప్పలేదు. చేయి గురించిన భయంలో నాకేం తట్టింది?

మధ్యాహ్నం డాక్టరు చేతిలో కాగితంతో వచ్చింది. చీములోని క్రిములను పెంచి, వాటి మధ్య పన్నెండు మందుల బిళ్ళలు పెట్టి చూశారట. పదకొండు మందుల బిళ్ళల చుట్టూ క్రిములు దర్జాగా పెరిగాయి. ఒక్క దాని చుట్టూ మాత్రమే చచ్చాయి.

"ఇదివరకు ఇలాంటి మందులు బాగా వాడారా?"

"మా తల్లి తోడు, ఈ పుండుకు ముందు ఒక్క మాత్ర మింగలేదు" అంది అక్క.

"మరి ఈ క్రిములు ఇంత మొండివి ఎలా అయ్యాయి?"

ఊరికే ఉండలేక నేనే బకెట్ సంగతంతా చెప్పేశాను. డాక్టరు మంచం అంచున కూర్చుంది.

"మీరు మింగలేదమ్మా, మీ చేతి మీది క్రిములు మింగాయి. కోటి క్రిముల్లో ఒకటో రెండో పుట్టుకతోనే తేడాగా ఉంటాయి, మందుకు లొంగవు. మందు తగిలి మిగతావి చస్తే చోటంతా వాటిదే. పూటలో ఒకటి లక్షలవుతుంది. మీరు రంగు మార్చిన ప్రతిసారీ ఆ మందుకూ లొంగనివే మిగిలాయి. పక్కనున్న వేరే జాతి క్రిమికి కూడా ఆ విద్య అందిస్తాయి. పన్నెండేళ్ళుగా ఏరి ఏరి పెంచారు మీరు."

"గడ్డిమందు కొడితే తుంగ ఒక్కటే మిగిలి చేనంతా ఎక్కినట్లా?" అంది అక్క, చాలా మెల్లగా.

"అంతే."

కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే కదా! కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి నాకు.

నర్సు ఆ మిగిలిన ఒక్క మందూ తెచ్చి ఎక్కించింది. డాక్టరు దాని పేరు చెప్పి, చేయి దీనితోనే నిలవాలి, ఇది తప్పితే నా దగ్గర ఇంకేమీ లేదు అంది. ఆ పేరు వినగానే అక్క మంచం మీద లేచి కూర్చుంది.

"ఇది ఆవులకు కూడా వేస్తారా?"

"వేస్తారు. ఎందుకు?"

అక్క ఎడమచేత్తో నా ఫోను లాక్కుంది. ఆ చేత్తో నొక్కడం అలవాటు లేదు, నంబరు నేనే కలిపాను.

"శాలినీ, ఆ సీసా మూత తీయొద్దు."

"అయ్యో, పొద్దునే తెచ్చి చల్లేసినాను అత్తా! పురుగులు లేచినాయి! ఎట్ల తింటా ఉండాయో చూడల్ల నువ్వు. ఇంకో మూడు దినాల్లో గూడు కడతాయి." పిల్ల సంతోషం ఫోనులోంచి నాకూ వినిపిస్తోంది.

"దేంతో కలిపినావు?"

"చేత్తోనే. నువ్వు కలిపినట్లే."

అక్క కళ్ళు మూసుకుంది. కట్టు కట్టిన చేయి ఒళ్ళో ఉంది, ఎడమచేతిలోకి మందు చుక్క చుక్కగా దిగుతోంది.

"సబ్బుతో మోచేతుల దాకా కడుక్కో. పాపను అంతవరకు ఎత్తుకోవద్దు. తిని మిగిలిన ఆకు ఆవుకు వేయొద్దు. ఇంటి వెనక నడుము లోతు గొయ్యి తవ్వించి, పురుగులన్నీ ఆకుతో సహా దాంట్లో వేసి సున్నం పోసేయ్. క్రిములు ఈ మందుకూ మొండికేస్తే మనకు ఇంక మందు లేదు."

"అత్తా! అవి బతికి ఉండాయి, తింటా ఉండాయి!"

"తెలుసు" అంది సరసమ్మ. "పూడ్చేయ్."