బస్సు ఆపిన సరోజ

ఆ రోజుల్లో అని మొదలుపెట్టానని నాకేదో ముసలితనం వచ్చిందనుకోకండి. చెప్పేది రెండేళ్ళ కిందటి సంగతే. కాకపోతే మా పనిలో రెండేళ్ళంటే అత్తగారు కొత్త కోడలిగా ఉన్నప్పటి కాలమంత పాత. అప్పుడే చదువు ముగించి, సంగారెడ్డి దారిలో ఒక ఫ్యాక్టరీ కంప్యూటర్ విభాగంలో చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నడకలో మాత్రం ఫ్యాక్టరీ అంతా నా చేతుల మీదే నడుస్తున్నంత దర్జా (నిజానికి చేతుల్లో ఉన్నవి ఒక లాప్‌టాప్, ఒక టిఫిన్ డబ్బా).

షిఫ్టుల పట్టిక, బస్సుల యాప్, డ్రైవర్లకు మెసేజీలు చేరవేసే సాఫ్ట్‌వేర్, ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిగ్గా కలిసి పనిచేస్తున్నాయో లేదో చూడటం నాకు అప్పగించిన పని. నిజమైన ఉద్యోగులను ఇబ్బంది పెట్టకుండా, ఉద్యోగుల్లా ప్రవర్తించే ఏఐ ఏజెంట్లను తయారు చేయాలి. వాళ్ళే సీటు బుక్ చేసుకుంటారు, వాళ్ళే రద్దు చేసుకుంటారు, ఆలస్యమైతే డ్రైవరుకు మెసేజీ పెడతారు, జవాబొస్తే మళ్ళీ జవాబిస్తారు. నేను మొదట తయారు చేసినవాళ్ళు మహా మర్యాదస్తులు. "గౌరవనీయులైన డ్రైవర్ గారికి, సకాలంలో హాజరు కాగలనని సవినయంగా మనవి చేస్తున్నాను" అని రాశారు. అది చదివి మా సారు కళ్ళజోడు తీసేశారు. "అమ్మా, బస్సెక్కే మనుషులను తయారు చెయ్యమన్న. నువ్వు పెండ్లి పత్రికలు అచ్చు కొట్టుకొచ్చినవ్. మనోళ్ళు గిట్ల మాట్లాడుతరా?"

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. మనోళ్ళు ఎలా మాట్లాడతారో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు, మా బస్సు డ్రైవరన్నకు రోజూ నేను పెట్టే మెసేజీలు చాలు. "అన్నా రెండే నిమిషాలు", "అన్నా చెప్పులేస్కుంటున్న", "అన్నా మలుపు కాడనే ఉన్న" (అన్నీ మంచం మీద నుంచి పంపినవే). అవన్నీ నేర్పి సరోజ అనే ఏజెంటును పుట్టించాను. ఆలస్యంగా రావాలి, నమ్మించే సాకు చెప్పాలి, బస్సు కదలనివ్వకూడదు. డ్రైవర్ నంబరు అడిగిన గడిలో ఉత్తుత్తి నంబరు పెట్టాలి. అమ్మానాన్నల నంబర్ల కంటే బాగా నోటికొచ్చింది మా డ్రైవరన్న నంబరే కాబట్టి, తర్వాత మారుద్దాంలే అని అదే కొట్టేశాను. మార్చడం మరిచిపోయాను. మర్నాడు పొద్దున బస్సు వేళకు సరోజ నిద్రలేచేలా అమర్చి హాయిగా ఇంటికి పోయాను.

ఫలితం సారుకు చూపించాలన్న ఆత్రంలో ఆ పొద్దున పటేల్‌గూడలో, మా స్టాపులో, బస్సు కంటే ముందే నిలబడ్డాను. డ్రైవరన్న నన్ను చూసి తన గడియారం చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాతి స్టాపు కిష్టారెడ్డిపేటలో అందరూ ఎక్కాక కూడా బస్సు కదల్లేదు. "ఎవలో మెసేజ్ పెట్టిన్రు, జెర ఆగమని" అన్నాడు అన్న. సైరన్ లోపు గేటు దాటకపోతే బస్సులో ఉన్న అందరికీ సగం రోజు జీతం గల్లంతు. వెనక సీటు వెల్డర్ కాకా (వయసుతో పని లేకుండా అందరికీ కాకానే) గొణగడం మొదలుపెట్టాడు. "బాధ్యత లేని మనుషులు" అని నేనూ గొంతు కలిపాను. ఒక్కరోజు ముందొస్తే మనిషికి ఎంత నోరొస్తుందో!

అన్న రెండో మెసేజీ పైకి చదివాడు. "అన్నా చెప్పులేస్కుంటున్న." అది నేను సరోజకు నేర్పిన మాటే. మూడోది చదివేటప్పుడు అన్న గొంతే మారిపోయింది. "పిల్లగానికి జరమొచ్చిందన్నా, మందు తాపి ఉరికొస్తున్న, ఇడిసిపెట్టి పోకుండ్రి. సరోజ." గొణుగుడంతా ఆగిపోయింది. "పాపం, ఆగు తీ" అన్నాడు కాకా. ఇల్లెక్కడని అన్న అడిగితే, నీళ్ళ ట్యాంకు పక్క సందులో అని సరోజ తడుముకోకుండా జవాబిచ్చింది (అబద్ధాలు నేర్పింది నేనే, అడ్రసు ఎవరు నేర్పారో దేవుడికే తెలియాలి). "సందుల బస్సు పట్టదు గని, ట్యాంకు దాక పోయి ఎక్కించుకుందాం" అంటూ అన్న స్టీరింగ్ తిప్పాడు.

"పోవద్దన్నా! ఆమె మనిషి కాదు!" అని అరిచాను.

"ఏందీ, దయ్యమా?" కాకా కాళ్ళు సీటు మీదికి లాక్కున్నాడు.

"దయ్యం గాదు కాకా, కంప్యూటర్. మెసేజ్‌లు అదే పెడ్తది. పరీక్ష కోసమని నేనే తయారు జేసిన."

బస్సంతా చూసిన చూపుకు సీటు కింద దూరిపోదామనిపించింది. అన్న బస్సు మళ్ళించాడు. ఎంత తోలినా గేటు చేరేసరికి సైరన్ మోగిపోయింది. ఎందుకాలస్యమని సెక్యూరిటీ సారు అడిగితే, నా పేరు చెబుతారని, ఖాయం కాని ఉద్యోగం గేటు దగ్గరే ఊడుతుందని అనుకున్నాను. "ముత్తంగి కాడ లారీ అడ్డమొచ్చింది సార్" అన్నాడు అన్న. "శాన పెద్ద లారీ సార్" అని వెనక నుంచి కాకా సాక్ష్యం. బస్సంతా తలలూపింది. గేటు తెరుచుకుంది.

సాయంత్రం అందరూ దిగాక, తప్పయిందని చెప్పడానికి డ్రైవర్ సీటు దగ్గరికి వెళ్ళాను. నన్ను మాట్లాడనివ్వకుండా అన్నే అన్నాడు. "పొద్దటి సంది ఒకటి అడుగుదామనుకుంటున్న చెల్లె. సరోజ లేదు, సమజైంది. మరి ఆ పిల్లగాడు?"

"పిల్లగాడు గూడ లేడన్నా. జరం గూడ ఉత్తదే."

అన్న గట్టిగా ఊపిరి వదిలాడు. "మంచిదాయె. దినమంత మనసుల అదే మెదులుతుండె, మందు తాగిండో లేదో అని."

ఇప్పుడు నా కింద ఇద్దరు కుర్రాళ్ళు ఈ పనే చేస్తున్నారు. సాకులంటే గ్యాస్ అయిపోయింది, తాళంచెవి దొరకలేదు, అంతవరకే రానిస్తాను. "పిల్లలకు జరమంటే డ్రైవర్లు బాగ నమ్ముతరు గద మేడం" అని వాళ్ళ వాదన. "నమ్ముతరు గాబట్టే వద్దంటున్న" అంటాను. అన్నప్పుడల్లా, ముందు సీట్లో కూర్చుని బాధ్యత గురించి ఉపన్యాసమిచ్చిన ఆ అమ్మాయి గుర్తొచ్చి, వాళ్ళకు కనబడకుండా నవ్వుకుంటాను.