నెయ్యి మీద తేట

మా అక్క కాచిన నెయ్యిలో నూనె లేదు, డాల్డా లేదు. వెన్న, పొయ్యి, దించే ముందు ఒక తమలపాకు, అంతే. ఈ మాట నేను కొన్నేళ్ళ కిందట, అమీర్‌పేటలో నా కిరాణా కొట్టు ముందు నలుగురూ వింటుండగా చెప్పవలసింది. ఆ రోజు వేరే మాట చెప్పాను. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు కాబట్టి చెప్పడం తేలికైంది. ఆ తేలికకు కూడా నాకు సిగ్గుగానే ఉంది.

అక్క సనత్‌నగర్‌లో ఉంటుంది. బావ పనిచేసే వర్క్‌షాపు మూతపడ్డాక ఆ ఇల్లు నెయ్యి మీదే నడిచింది. మా ఊరి వైపు నుంచి వెన్న తెప్పించుకుని, కాచి, గాజు సీసాల్లో పోసి, ఒక్కోదాని మీద ‘ఇంటి నెయ్యి’ అని, కింద తన ఫోన్ నంబరు రాసి చీటీ అంటించేది. పంజాగుట్టలో కొన్ని ఇళ్ళకు, మధురానగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు తనే మోసుకెళ్ళి ఇచ్చేది. మిగతావి నా కొట్లో పెట్టేది. అవి మా అక్కవని నేను ఎవరికీ చెప్పలేదు. సొంతవాళ్ళ సరుకంటే జనం బేరమాడతారని ఆమెతో అన్నాను. అసలు సంగతి, బస్సుల్లో సీసాలు మోసుకు తిరిగే మనిషి నా తోడబుట్టిందని కొట్టుకొచ్చే ఆఫీసు జనానికి తెలియడం నాకు ఇష్టం లేదు.

నెయ్యి గుణం మా ఇంట్లో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. చల్లటి చోట గబుక్కున చల్లారితే మైనంలా ఒకే ముద్దగా పేరుకుంటుంది. నిదానంగా చల్లారితే పూస కడుతుంది. పెట్టినచోట కొంచెం వేడి తగులుతూనే ఉంటే పూసంతా అడుక్కి దిగి పైన పసుపుపచ్చటి తేట నిలుస్తుంది. చూడ్డానికి అచ్చం నూనె. కానీ అదీ నెయ్యే. కరిగించి చల్లటి చోట పెడితే మళ్ళీ కలిసిపోతుంది. పొయ్యి మీద ఉండగా మంట ఎక్కువై మాడిందా, అది వేరు. రంగు, వాసన, రుచి అన్నీ మారిపోతాయి, ఎంత చల్లార్చినా వెనక్కి రావు. అందుకే అక్క నెయ్యి కాచేటప్పుడు గిన్నె దగ్గర నుంచి కదిలేది కాదు, ఫోన్ మోగినా తీసేది కాదు. కొట్లో సీసాలు దించిన ప్రతిసారీ నాకో మాట చెప్పేది. “నీడకు పెట్టు తమ్మీ. గరం తగలనియ్యకు. పొద్దుకో తీరైతది నెయ్యి.”

ఆ ఏడు డిసెంబరులో చలి గట్టిగా పడింది. నెయ్యి సీసాల్లో రాయిలా పేరుకుంది. కోచింగ్‌కు వచ్చి గదిలో ఉంటున్న ఒక అమ్మాయి “అంకుల్, స్పూన్ వంగిపోతోంది, వేరేది ఇవ్వండి” అని సీసా తిరిగి తెచ్చింది. నాకో తెలివి పుట్టింది. కూల్‌డ్రింకుల ఫ్రిజ్ వెనక, గోడకు ఒక చెక్క అర ఉంది. మోటారు వేడి అక్కడి నుంచే పైకి వస్తుంది. సీసాలన్నీ దాని మీదికి మార్చాను. మర్నాటికి స్పూన్ మెత్తగా దిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, దగ్గర్లోని అపార్ట్‌మెంట్‌లో ఉండే రిటైర్డ్ టీచరమ్మ, గుంటూరు వైపు ఆవిడ, సీసా తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టారు. అడుగున తెల్లటి పూస, పైన తేట.

“ఏంటండీ ఇది? నూనె తేలుతోంది.”

“నూనె కాదు మేడమ్, నెయ్యే. కాస్త వేడి తగిలితే అట్లా...”

“డిసెంబర్లో వేడేంటండీ? నేనేమన్నా నిన్న మొన్న కాపురానికి వచ్చానా, నాకు నెయ్యి తెలీకపోవడానికి?”

పాల ప్యాకెట్ కోసం నిలబడినతను నవ్వాడు. “అన్నా, గీ జమానల ఎవర్నీ నమ్మేటట్టు లేదు. సొంతోళ్ళని సుత.”

నా వెనక ఫ్రిజ్ మోటారు గుర్రుమంటూనే ఉంది. చెయ్యి చాపి ఆ చెక్క అర చూపిస్తే అయిపోయేది. కానీ చూపిస్తే తప్పు నాదవుతుంది, సరుకు ఎక్కడ పెట్టాలో తెలియని కొట్టువాణ్ణవుతాను. నోరు తెరిచాక వచ్చిన మాట ఇది: “కల్తీ అయ్యుంటుందమ్మా. నేనూ మోసపోయాను. ఇక ఆమె దగ్గర తీసుకోను.”

ఆవిడ సీసాకు ఫోటో తీసుకున్నారు, చీటీ, నంబరు కనబడేలా. అది అపార్ట్‌మెంట్ గ్రూపులోకి, అక్కడి నుంచి ఇంకో గ్రూపులోకి పోయింది. కింద రాసిన మాటలు నాకెవరో చూపించారు. ‘కల్తీ నెయ్యి, జాగ్రత్త. షాపతను మాత్రం నిజాయితీపరుడు, ఒక్కమాట దాచకుండా చెప్పాడు.’ ఆ వారం నా కొట్టుకు కొత్తవాళ్ళు వచ్చారు. “ఆ నెయ్యి పట్టుకున్నది మీరే కదండీ” అని మెచ్చుకుంటూ పప్పులు కొన్నారు. నేను తల ఊపాను.

నిజం ఏమిటో నాకు అనుమానం కూడా మిగల్లేదు. అదే గిన్నెలో కాచిన నెయ్యి సీసా ఒకటి మా వంటింట్లో ఉంది. గట్టిగా, తెల్లగా, ఒకే ముద్దగా ఉంది. టీచరమ్మ వదిలేసి వెళ్ళిన సీసాను వేడినీళ్ళలో పెట్టి కరిగించి, దాని పక్కనే పెట్టాను. మర్నాటికి రెండూ ఒకేలా ఉన్నాయి. వేడినీళ్ళకు చీటీ చినిగింది కాబట్టే ఏది టీచరమ్మ సీసానో గుర్తుపట్టగలిగాను. అప్పుడైనా ఆవిడ తలుపు తట్టి చెప్పి ఉండవచ్చు. కానీ అప్పటికి నేను నిజాయితీపరుణ్ణి అయిపోయాను.

అక్క ఫోన్ చేసింది. “తమ్మీ, ఎవరెవరో ఫోన్లు చేసి తిడుతున్నరు. నెయ్యి యాడ పెట్టినవ్?”

“ర్యాక్‌లనే అక్కా.”

“గరం తగిలిందా?”

“లేదు. వెన్నలనే ఏమన్న ఉన్నదేమో, జర చూస్కో.”

“సరే, చూస్కుంట” అంది. నా మాట నమ్మి, ఎప్పటినుంచో వెన్న ఇస్తున్న మనిషిని మాన్పించింది. ఆయన ఊళ్ళో ఏమని తిట్టుకున్నాడో నాకు తెలియదు. వెన్న మారినా లాభం లేకపోయింది. హాస్టల్ వాళ్ళు వద్దన్నారు. పంజాగుట్ట ఇళ్ళలో తలుపు తీయకుండానే “ఇప్పుడు అక్కర్లేదమ్మా” అన్నారట. వేసవి వచ్చేసరికి ఆమె కాచడం మానేసింది. ఇప్పుడు బంజారా హిల్స్‌లో ఒక ఇంట్లో వంట చేస్తోంది.

మానేసేటప్పుడు, కొన్నవాళ్ళు తిరిగిచ్చిన ఖాళీ సీసాలు తీసుకుపోవడానికి కొట్టుకొచ్చింది. నేను బేరంలో ఉన్నాను. తనే ఫ్రిజ్ వెనక్కి వెళ్ళి, మోటారు వేడికి వెచ్చగా ఉన్న ఆ చెక్క అర మీంచి సీసాలు దించుకుంది. ఒక్కటి కూడా చప్పుడు కాలేదు. బయటికొచ్చి సంచి సర్దుకుంటూ, “పోయొస్త తమ్మీ” అంది. ఆమె మొహం చూడకుండా చిల్లర లెక్కపెట్టాను.

పోయిన నెల టీచరమ్మ ఇంటికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆ సీసా మా అక్కదని కూడా చెప్పాను. ఆవిడకు గుర్తు రావడానికి కొంత సమయం పట్టింది. “అయ్యో, ఇప్పుడవన్నీ ఎందుకు బాబూ? ఆ గ్రూపులో ఇప్పుడు సగం మంది లేరు. మేమూ ప్యాకెట్ నెయ్యికి అలవాటు పడిపోయాం. కాఫీ తాగుతావా?” అన్నారు. తాగకుండా వచ్చేశాను. ఎవరిని నమ్మించడానికి అబద్ధం చెప్పానో వాళ్ళకు ఆ అబద్ధం అవసరమే లేకపోయింది.

అక్కడి నుంచి నేరుగా సనత్‌నగర్ వెళ్ళాను. అక్కకు చెప్పాలనే వెళ్ళాను. అన్నం పెట్టింది. నేను “అక్కా, గా నెయ్యి ముచ్చట...” అని మొదలుపెట్టేలోపే నెయ్యి ప్యాకెట్ కత్తిరించి గిన్నెలోకి వంచి, గిన్నె నా ముందుకు జరిపింది.

“ఏస్కో తమ్మీ. ఫికర్ చెయ్యకు, కంపెనీది. ఫ్రిజ్ ఎనక పెట్టినా దీనికి పేరు పోదు.”

ముద్ద కలుపుకున్నాను. ఆమె ఇంకో గరిటె నెయ్యి వేసి, పప్పు తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది.