ఆరింటిదాకా సంతకాలు

పదకొండేళ్ళ తర్వాత ఆయన్ని ఏ.ఎస్. రావు నగర్‌లో సపోటాల బండి దగ్గర చూశాను. ఒక్కో పండునూ బొటనవేలితో నొక్కి, తిప్పి, తొడిమ దగ్గర వాసన చూసి, నచ్చకపోతే పక్కన పెడుతున్నాడు. బండివాడు విసుక్కుంటున్నా పట్టించుకోవడం లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఓడ నిండా ముడిచమురు ఉన్న రోజున గదిలోంచి తల బయటపెట్టి చూడని మనిషి, అరడజను సపోటాలకు ఇంత తనిఖీ చేస్తున్నాడు. ఆయన అని రాస్తున్నది పాత అలవాటు కొద్దీ. మనసులో నేనెప్పుడూ వాడు అనే అనుకున్నాను.

సికింద్రాబాద్‌లో పుట్టి సముద్రం మీద పని చేశానంటే మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. అల్వాల్‌లో ఉన్న మా ఇంట్లో నాకు ముందు సముద్రం చూసినవాళ్ళే లేరు. నేను మాత్రం తూర్పు తీరంలో ఒక చమురు టెర్మినల్‌లో తొమ్మిదేళ్ళు పని చేశాను. పెద్ద ఓడలకు రేవులో లోతు చాలదు. అందుకని తీరానికి దూరంగా, నీళ్ళ మధ్యలో, బోయా అనే ఇల్లంత ఇనప తెప్పను లంగర్లు వేసి నిలబెడతారు. ఓడ వచ్చి తన ముక్కును లావుపాటి తాడుతో దానికి కట్టుకుంటుంది. బోయా నుంచి నీళ్ళమీద తేలుతూ వచ్చే రబ్బరు గొట్టాన్ని, మేం హోస్ అంటాం, ఓడ నడుము దగ్గర బిగిస్తారు. ఓడలో పంపులు నడిస్తే చమురు ఆ హోస్‌లోంచి బోయాకు, అక్కడినుంచి సముద్రం అడుగున వేసిన పైపుల్లో ఒడ్డున ఉన్న ట్యాంకులకు పోతుంది. గాలి ఎటు తిరిగితే ఓడ బోయా చుట్టూ అటు తిరుగుతుంది. అది ముందుకు కొట్టుకుపోయి బోయాను గుద్దకుండా, వెనకనుంచి టగ్గు అనే చిన్న పడవ ఒకటి దాన్ని లాగి పట్టుకునే ఉండాలి.

నా పని ఓడ ముక్కు దగ్గర నిలబడటం. తాడు ఎంత బిగిసింది, బోయా ఎంత దూరంలో ఉంది, నీళ్ళమీద ఎక్కడైనా నూనె తెట్టు కనబడుతోందా అని చూస్తూ ఉండాలి. గంటకోసారి వెనక ఉన్న కంట్రోల్ గదికి వెళ్ళి చెక్‌లిస్టులో నా గడిలో సంతకం పెట్టాలి. ఆ గదిలో కూర్చునేది ఈ పెద్దమనిషే. ఓడ కెప్టెన్ వేరు. ఈయన టెర్మినల్ తరఫున ఓడెక్కి చమురు దింపడం మొత్తం చూసుకునే అధికారి. మేమంతా కెప్టెన్ సార్ అనేవాళ్ళం. అక్కడ అన్నిటికన్నా పెద్ద నియమం ఒక్కటే. ఎవరు ఆపమన్నా ఆపాలి. ముందు పంపు ఆపాలి, తర్వాత వాల్వు మూయాలి. పంపు నడుస్తుండగా వాల్వు మూస్తే హోస్ పగిలిపోతుంది. ఆపమన్నది అధికారా, తాడు లాగే కూలీనా అన్న విచారణ ఆపిన తర్వాతే.

ఆ రోజు మధ్యాహ్నం గాలి పడిపోయింది. ప్రవాహం మాత్రం ఓడను మెల్లగా ముందుకు తోస్తోంది. వెనక టగ్గు ఉండాల్సిన చోట లేదు. ఓడ చూడాలని ముచ్చటపడ్డ తన బావమరిదిని ఎక్కించుకు రమ్మని మా కెప్టెన్ సారే దాన్ని ఒడ్డుకు పంపేశాడు. రెండు కావస్తుండగా తాడు వదులై నీళ్ళలోకి జారింది. బోయా నా కాళ్ళ కిందికి వచ్చేస్తోంది. వాకీటాకీలో ఆపమన్నాను.

"ఉండవయ్యా, టగ్గు వచ్చేస్తోంది. పది నిమిషాల్లో మునిగిపోయేదేం లేదు," అన్నాడాయన.

కాసేపటికి బోయా కనబడటం మానేసింది. ఓడ ముక్కు దానిమీదికి ఎక్కుతోంది. మళ్ళీ ఆపమన్నాను. ఈసారి అరిచాను. పంపులు నడుస్తూనే ఉన్నాయి. ఓడకూ బోయాకూ మధ్య హోస్ నలిగి, అతుకు దగ్గర విడిపోయింది. నీళ్ళమీద నలుపు పరుచుకుంటూ పోవడం నేను పైనుంచి నిలబడి చూశాను. దూరాన రెండు పడవల్లో జాలర్లు వలలు గబగబా లాగేసుకుంటున్నారు. అప్పటికే వాళ్ళ వలలు నల్లబడిపోయాయి. ఒక ముసలాయన నల్లటి వలను రెండు చేతులతో పైకెత్తి నాకు చూపించాడు. కేకలు వేయలేదు, తిట్టలేదు. ఊరికే చూపించాడు. ఆ తర్వాత రెండూ ఇరవైకి పంపులు ఆగాయి.

నేను కంట్రోల్ గదికి పరుగెత్తేసరికి ఆయన చెక్‌లిస్టు ముందు పెట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. అది కింద కార్బన్ పెట్టి రాసే పుస్తకం. హడావుడిలో కాగితం అడుగున "2.20కి పంపులు ఆపాం, హోస్ లీకు" అని రాసేశాడు. రాశాక గానీ పైన ఏముందో చూసుకోలేదు. హోస్ బాగుంది, తాడు బాగుంది, టగ్గు ఉంది అని మూడింటికి, నాలుగింటికి, అయిదింటికి, ఆరింటికి కూడా ఆయన సంతకాలు అక్కడ ఉన్నాయి. ఇంకా రాని గంటలన్నిటికీ పొద్దున్నే సంతకం పెట్టేసి కూర్చున్నాడన్నమాట.

పై కాగితం చింపి జేబులో కుక్కుకున్నాడు. కింది కార్బన్ కాపీ నా చేతికిచ్చి, "చింపి పారెయ్. నేను రెండింటిదాకా కొత్తది రాస్తాను. నీ సంతకం కూడా నేనే గీస్తాలే. నువ్వు నోరు మెదపకు, మహా అయితే మెమోతో పోతుంది," అన్నాడు.

నేను చింపలేదు. మడిచి టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాను.

విచారణలో ఆయన నా ముఖం చూడకుండానే చెప్పాడు. ముందు నిలబడ్డ మనిషి తనకేమీ చెప్పలేదట. రెండింటికి అంతా బాగుందని సంతకం కూడా పెట్టాడట. కొత్త కాగితం చూపించాడు. నిద్రపోయి ఉంటాడు సార్ అని కూడా అన్నాడు. నిర్లక్ష్యం అని రాసి నన్ను తీసేశారు. ఆయనకు ఆ ఏడాదే ప్రమోషన్ వచ్చింది. నిద్రపోయాడన్న మాట తీరం పొడుగునా నాకన్నా ముందు నడిచింది. ఏ టెర్మినల్‌కు వెళ్ళినా, ఆ నిద్రపోయినాయనేనా అని అడిగారు. రెండుసార్లు ఆపమన్నానని ఎంతమందికి చెప్పుకున్నా ఫలితం లేకపోయింది. విన్నది ఆయన ఒక్కడే.

ఇంటికి వచ్చేశాను. చమురు డిపోల్లో, ఓడరేవుల్లో పనికి వెళ్ళేవాళ్ళకు భద్రత నేర్పే చిన్న సంస్థ ఒకటి ఇక్కడ ఉంటే అందులో చేరాను. రెండుసార్లు ఆపమన్నా, నిద్రపోయానని నన్ను ఉద్యోగంలోంచి తీసేశారని ప్రతి బ్యాచికీ చెప్పేవాణ్ణి, తీయించింది ఎవరో మాత్రం చెప్పేవాణ్ణి కాదు. కార్బన్ కాపీ ప్లాస్టిక్ కవరులో పెట్టి, బీరువాలో నా పెళ్ళి కోటు కింద దాచాను. ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన చెప్పేటప్పుడు, మాకు తప్పు చేసినవాళ్ళను మేం క్షమించినట్టు అనే మాట వచ్చే చోట నేను నోరు మూసుకునేవాణ్ణి. టీచరుగా పని చేసే మా ఆవిడకు పిల్లల పెదాలు కనిపెట్టడం అలవాటు. ఇట్టే పట్టేసింది.

"ఏందీ, గా మాట కాడనే నోరు మూస్తవ్? దేవునికి తెల్వదనుకున్నవా?"

"దేవునికి తెలుసు. అందుకే అబద్ధమాడుతలేను," అన్నాను.

సపోటాల బండి దగ్గర నన్ను ఆయనే గుర్తుపట్టాడు. ఏమీ జరగనట్టు నా భుజం మీద చెయ్యి వేశాడు. రిటైరయ్యాడట, యాప్రాల్‌లో ఫ్లాట్ తీసుకున్నాడట. ఏమీ తోచడం లేదన్నాడు. అప్పుడే నా బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. చేతులు కట్టుకుని, గొంతులో తేనె పోసుకుని, "సార్, మా బ్యాచి ముగింపుకు మీరు రావాలి. మీ అంత అనుభవం మాకెక్కడుంది," అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. సపోటాలు ఒక రెండు నా చేతిలో కూడా పెట్టాడు. దారిలో కాలవలో పడేశాను.

ఆ వారమంతా నేను పండగలా గడిపాను. కాపీ బయటికి తీశాను. ఒక అంచు మడిచి జిరాక్స్ షాపుకు తీసుకెళ్ళి ఇరవై కాపీలు తీయించాను. అద్దం ముందు నిలబడి ఏం మాట్లాడాలో అనుకున్నాను. నిద్రలో కూడా నవ్వుతున్నానని మా ఆవిడ చెప్పింది. నాకు కావలసింది ఒక్క మాట. ఆ రోజు నేను ఆపమన్నానని ఆయన తన నోటితో, పదిమంది ముందు, తల దించుకుని చెప్పాలి. ఆ మాట లాక్కున్నాక చచ్చిపోయినా ఫరవాలేదనుకున్నాను.

ఆయన కోటు వేసుకుని వచ్చాడు. మా వాళ్ళు శాలువా కప్పారు. భద్రత మన ఊపిరి అని ఇరవై నిమిషాలు ఊదరగొట్టాడు. చప్పట్లు అయ్యాక నేను లేచి, ఇది చివరి పరీక్ష అని చెప్పి, కాపీలు పంచాను. ఒకటి ఆయన చేతిలో కూడా పెట్టాను. "ఈ కాగితంలో తప్పేమిటో చెప్పండి," అన్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. తన చేతిరాత తాను గుర్తుపట్టడం నేను కళ్ళారా చూశాను. శాలువా ఒక పక్కకు జారితే సర్దుకోలేదు. ఆ క్షణం నాకు ఎంత హాయిగా ఉందో దాచుకోను.

ముందు లేచింది అల్వాల్ నుంచి వచ్చే ఒక అమ్మాయి. పెట్రోలు బంకులో నాలుగేళ్ళు పని చేసి వచ్చింది. ట్యాంకరు లారీ వస్తే కడ్డీ ముంచి నూనె మట్టం చూడకుండా సంతకం పెట్టని రకం.

"సార్, గిదేంది? రెండూ ఇరవైకే పంపులు బంద్ అయినయని కింద రాసిండ్రు. మరి ఆరింటిదాంక హోస్ మంచిగుందని ఎట్ల సంతకం పెట్టిండ్రు? గిది చూడకుండ పెట్టిన సంతకమే సార్."

"ఎవరు పెట్టి ఉంటారు?" అన్నాను ఆయనవైపే చూస్తూ. క్లాసులో అందరూ మెల్లగా ఆయనవైపు తిరిగారు.

ఆయన కాగితం మీదనుంచి తల ఎత్తలేదు. "సంతకం నాదే," అన్నాడు. నేను గెలిచాననుకున్నాను. అంతలో కాగితం కుడి అంచు మీద వేలు పెట్టి, "ఈ ఫారానికి ఇక్కడ ఇంకో గడి ఉండాలి కదవోయ్. ముందు నిలబడేవాడిది. అసలు కాగితం నీ దగ్గరుందిగా, మడత విప్పు," అన్నాడు. గొంతులో కోపం లేదు.

ప్లాస్టిక్ కవరు బల్లమీదే ఉంది. అంతమంది చూస్తుండగా నా వేళ్ళే మడత విప్పాయి. ఆ అమ్మాయి దగ్గరికి వచ్చి వంగి చూసింది.

"గీడ సుత ఆరింటిదాంక ఉన్నయి సార్. గివి ఎవరివి?"

"నావి," అన్నాను.

పొద్దున ఓడెక్కగానే ఆయన పుస్తకం నా ముందుకు తోసి, గంటగంటకూ అంత దూరం ఎక్కడ నడుస్తావు, కిందిదాకా కానిచ్చెయ్ అన్నాడు. అందరూ చేసే పనే. నేను కానిచ్చేశాను. నా కళ్ళు ఆ రోజు ఓడ ముక్కు దాటి ఎక్కడికీ పోలేదు, అది నిజం. కానీ సంతకాలు పొద్దున్నే పెట్టేశాను, అదీ నిజం.

"మరి మిమ్మల్ని తీసేసినప్పుడు ఇది ఎందుకు చూపించలే సార్? ఉండె కద మీ దగ్గర," అంది ఆ అమ్మాయి.

ఆ ప్రశ్న నన్ను పదకొండేళ్ళుగా ఎవరూ అడగలేదు. కాగితం ఉందని ఎవరికీ తెలియదు కాబట్టి అడగలేదు. నా సంతకాలు కూడా బయటపడతాయని భయపడ్డాను. మెమోతో పోతుందన్న ఆయన మాట నమ్మాను. తీసేశాక చూపిద్దామంటే అప్పటికే అబద్ధం నాది కూడా అయిపోయింది. ఇవేవీ ఆ అమ్మాయికి చెప్పకుండా, కాగితాన్ని మళ్ళీ పాత మడతమీదే మడవబోయాను. 

నన్ను చూసి ఆయనకు జాలి వేసింది. అదే నేను తట్టుకోలేకపోయింది. లేచి, శాలువా మడిచి కుర్చీమీద పెట్టి, ఆ అమ్మాయితో అన్నాడు: "ఆపమన్నాడమ్మా. రెండుసార్లు అన్నాడు. నేనే ఆపలేదు. ఈయన నిద్రపోలేదు."

అద్దం ముందు నేను ఎన్నోసార్లు విన్న మాటే. లాక్కోవాలనుకున్నదాన్ని ఆయన తీసి నా చేతిలో పెట్టాడు, ఆ సపోటాల లాగే. దీన్ని మాత్రం కాలవలో పడేయలేకపోయాను. ఆయన తలుపు దాటి మెట్లు దిగిపోతుంటే ఎవరూ లేవలేదు. నేనూ సాగనంపలేదు. ఆయన మీద నా కోపం చల్లారిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. బావమరిది కోసం టగ్గును పంపినవాడు ఆయనే, విచారణలో నన్ను అమ్మినవాడూ ఆయనే.

కొత్త బ్యాచికి ఇప్పుడు ఆ కాగితం మడత లేకుండా ఇస్తున్నాను. ఎడమవైపు ఎవరిది అని అడిగితే ఒక అధికారిది అంటాను. కుడివైపు ఎవరిది అంటే నాది అంటాను. వలను పైకెత్తి చూపించిన ముసలాయన గురించి కూడా చెబుతాను.

మొన్న ఆదివారం చర్చిలో ఆ మాట దగ్గర మళ్ళీ నోరు మూసుకున్నాను. మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

"అయిపోయింది కద. ఆయన పదిమందిల ఒప్పుకున్నడు కద. ఇంకా ఎవరి మీద?"

ఇదివరకు క్షమించలేనివాడు ఒక్కడే ఉండేవాడు. వాడు యాప్రాల్‌లో ఉంటాడు. రెండోవాడు ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు.