కంపెనీకో ఆకాశం

మా రత్నం చిన్నమ్మ అత్తగారు ఏసమ్మ బతికుండగానే తన ఫోటో తానే గోడకు పెట్టించుకుంది. "నేను పోయినంక మీరు పెడతరో, అటక మీద పడేస్తరో, ఎవలికెరుక" అని ఆమె వాదన. యాభై ఏడులో వరంగల్ మట్టెవాడలోని ఆ ఇంటి ముందుగదికి పావురం మార్కు డిస్టెంపరు, ఆకాశనీలం రంగు తనే ఎంచి వేయించింది. ఆ వారంలోనే ఫోటోను గోడకు నట్టనడుమ కొట్టించింది. దాంతో చిన్నమ్మకు అత్తలు ఇద్దరయ్యారు. ఒకరు తిట్టే అత్త, ఒకరు చూసే అత్త.

అరవై రెండులో తిట్టే అత్త ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. మరుసటి ఏడు ఆమె చిన్నకొడుకు సుందర్ రావు, డోర్నకల్‌లో రైల్వే గార్డు, వచ్చి పంపకాల మాట ఎత్తాడు. "ఇల్లు నువ్వే ఉంచుకో అన్నా. అమ్మను నాకియ్యి" అని ఫోటో దించి, తువ్వాలలో చుట్టి, రైలెక్కించుకుని పోయాడు. అంతకన్నా ధర్మమైన పంపకం చిన్నమ్మ తన జన్మలో చూడలేదు. "నా మరిది బంగారం" అని మా ఇంటికి వచ్చి మరీ చెప్పింది. ఆమెకు కావలసింది ఒక్కటే, అత్త లేని గోడ. అంత కాపురంలో ఇంకేమీ కోరలేదు.

తీరా ఇంటికి వెళ్ళి చూస్తే అత్త గోడ మీద ఉండనే ఉంది. ఎండకూ పొగకూ గోడంతా వెలిసిపోయింది. ఫోటో ఉన్న చోటు మాత్రం నిన్న వేసినట్టు నీలంగా, నాలుగు మూలలతో నిగనిగలాడుతోంది. ఫోటోలో ఉన్నన్నాళ్ళూ ఆమె ఒక వైపే చూసేది. ఇప్పుడు ఎటు పోతే అటు చూస్తోందని చిన్నమ్మ గోల. పక్కింటి యాకమ్మ "మీ అత్త ఏడికి వోలే పిల్లా, ఈడనే ఉన్నది" అని రోజూ ధైర్యం చెప్పిపోయేది. అలాంటి ధైర్యం పగవాళ్ళకు కూడా వద్దు.

చిన్నాయన దేవదానం దవాఖానలో కాంపౌండరు. మంచివాడు. అంతకుమించి ఆయన గురించి చెప్పడానికి నాకేమీ దొరకదు. గోడంతా కొత్త రంగు వేయిద్దామంటే ఒప్పుకోలేదు. "అంగీకి బొత్తం ఊడితే బొత్తం కుట్టుకుంటం గని, అంగీ మారుస్తమా?" అన్నాడు. అమ్మ ఎంచిన రంగు చెరపడానికి ఆయనకు చేతులు రావు, అదీ అసలు సంగతి. కనుక ఆ ముక్కను గోడలో కలిపేసే రంగు వెతకాలని తీర్మానమైంది.

చౌరస్తాలో వెంకట్రాజం రంగుల దుకాణం ఉండేది. మొగుడూ పెళ్ళాలిద్దరూ గోడ పెచ్చు ఒకటి గీకి, మందుల డబ్బాలో దూది మీద పడుకోబెట్టి అక్కడికి పట్టుకుపోయారు.

"పావురం మార్కు ఇప్పుడొస్తలేదక్కా. ఓడ మార్కున్నది, గంట మార్కున్నది" అన్నాడు వెంకట్రాజం.

"అండ్ల ఆకాశనీలం ఉన్నదా తమ్మీ?"

"రెండిట్ల ఉన్నది. గని ఓడోని ఆకాశం ఏరే, గంటోని ఆకాశం ఏరే."

"ఆకాశం ఒక్కటే గద?"

"దేవునికి ఒక్కటే అక్కా. ఈడ కంపెనీకో ఆకాశం." అతను పెచ్చును వెలుతురులో పెట్టి తిప్పి చూశాడు. "మీది మల్ల ఎండకు ఎలిసిన ఆకాశం. గసొంటిది ఎవ్వడు డబ్బల వోసి అమ్మడు."

చివరికి ఓడ మార్కు తెచ్చుకున్నారు. రోజూ మందులు కలిపేవాడికి రంగు కలపడం ఒక లెక్కా అని చిన్నాయన ఔన్సు గ్లాసు తీశాడు. సుద్దపొడి కొంత, నీళ్ళు కొంత కొలిచి పోసి, సీసాకు అలవాటు కొద్దీ 'వాడే ముందు బాగా కుదపవలెను' అని చీటీ కూడా అంటించాడు. ముక్క మీద పూశాడు. చెబితే నమ్మరు, అచ్చం గోడలో కలిసిపోయింది. ఫోటో ఎక్కడుండేదో తడిమి చూసినా తెలియలేదు. చిన్నమ్మ సంతోషంతో కళ్ళనీళ్ళు పెట్టుకుని యాకమ్మను పిలుచుకురావడానికి పరుగెత్తింది. వచ్చేసరికి రంగు ఆరింది. ఆరాక డిస్టెంపరు పాలిపోతుందని పాపం ఆయనకు తెలియదు. నీలం అత్త పోయి తెల్ల అత్త వచ్చింది.

తడిగుడ్డతో అద్దితే మాత్రం మళ్ళీ గోడలో కలిసిపోయేది. బుద్ధున్నవాడైతే అక్కడ ఆగి ఇంకో రంగు చూస్తాడు. చిన్నాయన "ఎవలన్న వచ్చేటప్పుడు తడుపుదం తియ్" అన్నాడు. ఇక వాకిట్లో చెప్పుల చప్పుడు వినబడితే చాలు, చిన్నమ్మ తడిగుడ్డతో గోడ మీదికి ఉరికేది. వచ్చినవాళ్ళను గోడ ఆరేలోపు సాగనంపాలి. పొగలు కక్కే చాయ్ చేతిలో పెట్టి "తాగుండ్రి, జర జల్ది తాగుండ్రి" అని నెత్తిన నిలబడేది. నాలుకలు కాలిన చుట్టాలు, అత్త పోగానే రత్నానికి పొగరెక్కిందని ఊరంతా చెప్పుకున్నారు.

ఇంతలో ఇంటి ప్రార్థన వంతు వచ్చింది. మా వాళ్ళు వారానికొక ఇంట్లో కూడుకునేవారు. ఆ రోజు చిన్నమ్మ గోడకు స్నానమే చేయించింది. చర్చి అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థనలో ఢిల్లీలోని పెద్దల నుంచి పరకాలలో పరీక్ష రాసే పిల్లల దాకా అందరికీ చోటుంటుంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. చిన్నమ్మ ఒక్కతే తెరుచుకుని గోడను చూస్తోంది. వానల దగ్గరికి వచ్చేసరికి ఒక మూల తేలింది. రోగుల దగ్గర రెండో మూల. ఇక ఆగలేక "ఆమెన్!" అని గట్టిగా అరిచింది. అయ్యగారు అది ఆమె భక్తి అనుకుని, రెట్టించిన ఉత్సాహంతో విధవరాండ్రను, బాటసారులను అందుకున్నారు. అందరూ కళ్ళు తెరిచేసరికి గోడ మీద తెల్లటి నిలువు ఆకారం పూర్తిగా నిలబడి ఉంది. "లేచొచ్చిందో!" అని యాకమ్మ పెట్టిన కేకకు, హల్లెలూయా అనాలో బయటికి పరుగెత్తాలో అయ్యగారికి తోచలేదు.

తరువాత గంట మార్కు వంతు. అంచులు కలపబోయి చిన్నాయన అంచుల బయటికి పూశాడు. ఆ కొత్త అంచులు కలపబోయి ఇంకా బయటికి పూశాడు. ముక్క పెరిగి పెరిగి తలుపంత అయింది. కేసముద్రం నుంచి వచ్చిన చుట్టం ఒకాయన సెలవు తీసుకుని, అందులోంచి బయటికి వెళ్ళబోయి నుదురు బొప్పి కట్టించుకున్నాడు.

ఏసమ్మ జ్ఞాపకార్థ కూడిక ఇంకో వారముందనగా సుందర్ రావు ఫోటోతో సహా దిగాడు. "మా ఇంటి గోడ పచ్చగుంటదన్నా. దాని మీద అమ్మ నప్పుతలేదు" అన్నాడు. నప్పనిది గోడకో, ఆయన భార్య లిదియాకో నేను చెప్పనక్కరలేదు. ఫోటోను పాత చోటే మేకు కొట్టి తగిలించారు. పెద్ద కవరుకు అంటించిన తపాలా బిళ్ళలా ఉంది. సుందర్ రావు బావురుమన్నాడు. "అమ్మను గింత చిన్నగ జేసిన్రా అన్నా!"

అన్నదమ్ములిద్దరూ ఆలోచించి ఉపాయం కనిపెట్టారు. గోడ మీది ముక్కకు సరిపోయేలా ఫోటోనే పెద్దది చేయించాలి. స్టూడియో ఆయన వచ్చి కొలత తీసుకుంటే చాలు. "ఇగ రంగు ఫికరే లేదు" అని చిన్నాయన మురిసిపోయాడు. తలుపంత అత్త. చిన్నమ్మ పొయ్యి మీద కూర పొయ్యి మీదే వదిలి వెంకట్రాజం దుకాణానికి నడిచింది.

"ఎన్ని మార్కులున్నయో అన్ని తియ్యి తమ్మీ. ఎట్లన్న జేసి కలుపు."

వెంకట్రాజం రెండు చేతులూ జోడించాడు. "నీకు దండం పెడతనక్కా. ఆ పాత రంగు ఇడిసిపెట్టు. గదంత కొత్తగ ఎయ్యి. నీకేం రంగిష్టమో చెప్పు, ఇప్పుడే ఇస్త."

చిన్నమ్మ డబ్బాల వరసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. "రేపొచ్చి చెప్త" అని వెనక్కి తిరిగింది.

ఇంటికి వచ్చి మొగుణ్ణి అడిగింది. "ఇగో, నాకే రంగిష్టం?"

ఆయన నిజాయితీగా చాలాసేపు ఆలోచించాడు. "నాకెరుకలేదు రత్నం. నువ్వెన్నడు చెప్పలె."

ఇక లాభం లేదని మా ఇంటికి వచ్చి మా అమ్మను అడిగింది. పుట్టినప్పటి నుంచి చూసిన అక్క కదా, చెప్పకపోతుందా అని. అమ్మ చేటలో బియ్యం పక్కన పెట్టింది. "మనకేడి రంగులే? క్రిస్మస్‌కు నాయిన ఒక్క తాను దెచ్చేటోడు. ఆరుగురికి అండ్లనే గౌన్లు. మిగిలింది కిటికీకి పరద."

"గా తానుది ఏం రంగుండె అక్కా?"

"ఏది సస్తగొస్తే గది."

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు ఆ పూట వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఎవరి మీద చూపించాలో తెలియక చేటలోని బియ్యంలో రాళ్ళేరాను.

మర్నాడు ఆమె దుకాణంలో బెంచీ మీద కూర్చుని డబ్బాల మూతలన్నీ తీయించింది. వెనకున్న బేరగాళ్ళు విసుక్కున్నా లేవలేదు. చివరికి పండిన జామకాయ లోపలి గులాబీ రంగు దగ్గర వేలు పెట్టింది.

"గిది మీ తలుపులకు, కిటికీలకు కలువదక్కా" అన్నాడు వెంకట్రాజం.

"దేనితోటి కలువకున్నా మంచిదే. నాకు నచ్చింది."

చిన్నాయన దవాఖాన నుంచి వచ్చేసరికి గదంతా రంగు పడిపోయింది. ఆయన గుమ్మంలో నిలబడి చూసి, ఇల్లు తప్పానని యాకమ్మ ఇంట్లోకి వెళ్ళి చెప్పులు విప్పాడు. స్టూడియో ఆయన టేపు పట్టుకుని వచ్చి, కొలవడానికి ఏమీ లేక చాయ్ తాగి వెళ్ళాడు.

కూడిక రోజున ఆ గులాబీ గదిలో జనం గోడలు చూస్తూ కూర్చున్నారు. సుందర్ రావు ఫోటో చేత పట్టుకుని "అమ్మ ఏడ వదినె?" అన్నాడు బిక్కమొహంతో. చిన్నమ్మ సుత్తె తీసుకుని, కిటికీ పక్కన తానే మేకు కొట్టి, ఫోటో తగిలించి, వంకర సరిచేసి, అద్దం మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"గా మూలకెందుకు వదినె? నడుమ ఖాళిగనే ఉన్నది గద."

అన్నేళ్ళ కాపురంలో ప్రార్థన ఎప్పుడు జరిగినా చిన్నమ్మ వంటింటి గడప మీద, ఒక చెవి ఇటూ ఒక చెవి పొయ్యి వైపూ పెట్టి విన్న మనిషి. ఆ రోజు కుర్చీ ఒకటి తెచ్చి గోడకు నట్టనడుమ వేసింది.

"ఖాళి లేదు సుందర్. నడుమ నేను కూసుంట" అని, కొంగు సర్దుకుని కూర్చుంది.