పలకలు పగలగొట్టింది ఎవరు

నాకు కోపం ముందొస్తాది, బుర్ర తరవాత వస్తాది. మా అమ్మ ఈ మాట ఊరంతా చెప్పుకుంటాది, నేనూ కాదనను. ఇంజనీరింగ్ మూడో ఏడులో రోబో పోటీకి తయారవుతున్నపుడు ఆ కోపం నాకు ఒక స్నేహితురాల్ని లేకుండా చేసేసేదే. ఆ పోటీలో మాకు మూడో స్థానం వచ్చింది. కప్పు కూడా ఇచ్చేరు, అదిప్పుడు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. నాకు బాగా గుర్తున్నది పోటీకి ముందు గడిచిన ఆ పదిహేను రోజులే.

మాది కోటబొమ్మాళి దగ్గర ఊరు. కాలేజీ విజయనగరం పక్కన. జట్టులో నలుగురం. అందులో గరివిడి నుంచి రోజూ రైల్లో వచ్చే పిల్ల ఒకర్తి. వాళ్ళ నాన్నది అక్కడి కార్ఖానాలో పని. దానిది గట్టి చెయ్యి, ఎవరి టిఫిన్ బాక్సు మూత రాకపోయినా దానికే ఇచ్చేవాళ్ళం. రోబోకి స్క్రూలు బిగించడం, పోటీలో దాన్ని నడపడం ఆ పిల్ల పని. బిగించే ముందు ప్రతి స్క్రూకీ నీలం జిగురు వెయ్యడం నా పని. ఆ జిగురుంటే రోబో ఎంత అదిరినా స్క్రూ వదులవదు. అంతకు ముందేడు పోటీ మధ్యలో మా రోబో చక్రం ఊడి, దొర్లుకుంటూ పోయి జడ్జిగారి కాళ్ళ దగ్గర పడింది. ఆ సిగ్గు నాకింకా చల్లారలేదు. అందుకని ఒక చుక్క చాలన్న చోట మూడు వేసేదాన్ని.

రోబో ఒళ్ళంతా అద్దంలాంటి ప్లాస్టిక్ పలకలు. సుత్తితో కొట్టినా పగలవని షాపాయన ఒట్టేసి మరీ అమ్మేడు. మేం కొట్టి చూసేం కూడా, నిజంగానే పగల్లేదు. అలాంటిది, బిగించిన మర్నాడు పొద్దున్న చూస్తే ప్రతి స్క్రూ చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్ళు! మధ్యాహ్నానికి ఒక మూల ఏకంగా చేతిలోకి ఊడొచ్చేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ల్యాబులో అందరి ముందూ ఆ గరివిడి పిల్ల మీద పడిపోయేను. "ఒసే, అది చెయ్యా, రోకలా? నిన్ను స్క్రూలు బిగించమన్నామా, వడ్లు దంచమన్నామా?"

అది తన చేతులకేసి ఓసారి చూసుకుని, బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తరవాత క్లాసుకొచ్చేది గానీ ల్యాబు వైపు రాలేదు. నా బెంచీ వదిలేసి వెనక్కెళ్ళి కూర్చుంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. రోబో నడపడం మాకెవరికీ సరిగ్గా రాదు, అయినా నేను తగ్గలేదు.

కొత్త పలకలు కోయించి ఈసారి నేనే బిగించేను, పసిపిల్లకి గాజులు తొడిగినంత మెల్లగా. మరీ వదులుగా ఉన్నాయేమోనని జిగురు ఇంకాస్త పోసేను. మర్నాడు మళ్ళీ పగుళ్ళు! బుర్రున్నవాళ్ళకి అక్కడే తెలిసేది. నేను మాత్రం షాపాయనకి ఫోన్ చేసి అరగంట తిట్టేను. ఆయన పాపం "సరేనమ్మా, సరేనమ్మా" అంటూ అంతా విన్నాడు.

ఆదివారం ఊరెళ్ళేను. అమ్మ నూతి దగ్గర మందు కొట్టే టాంకు కడుగుతోంది. మా ఇంట్లో వరికి పురుగుమందు కొట్టేది అమ్మే. నా బ్యాగులోంచి పగిలిన పలక తీసి ఎండకెత్తి చూసింది.

"దీనికేటి రాసేరే?"

"ఏటీ రాయలేదమ్మా. ఒకర్తి గట్టిగా బిగించేసింది, అంతే."

"బిగిస్తే ఓ పక్కకి సీలుతాది గానీ ఇలాగవదు. కన్నం సుట్టూ సూడు, తడి పాకినంత మేరే పగిలింది. అద్దంలాటి కప్పులో పురుగుమందు పోస్తే ఇలాగే అవుతాది. ఓపాలి పోసేను, రెండో రోజుకి సేతిలో ముక్కలైపోయింది. అప్పట్నించీ మందు డబ్బా పాలరంగు మూతతోనే కొలుస్తన్నాను."

తడి అనగానే నాకు జిగురు గుర్తొచ్చింది. బ్యాగులోంచి జిగురు సీసా తీసి ఇచ్చేను. అమ్మ వాసన చూసి మొహం చిట్లించింది. పలక నుంచి ఊడిన ముక్కనొకదాన్ని, స్క్రూ బిగించినట్టే ఒత్తిడి పడేలా వంచి దారంతో కట్టి, మీద ఒక చుక్క వేసి వసారాలో పెట్టమంది. చారన్నంలో ఉండగానే టిక్కుమని వినిపించింది. వెళ్ళి చూస్తే, సరిగ్గా చుక్క పడ్డ చోటే ముక్క రెండైంది. సీసా మీది చిన్న అక్షరాలు అప్పుడు చదివేను. ప్లాస్టిక్‌కి వాడొద్దని రాసే ఉంది!

"మరా పిల్లనేటన్నావే?" అనడిగింది అమ్మ. చెప్పేను. తిడతాదనుకున్నాను గానీ తిట్టలేదు.

"సాయంత్రం బండికి ఎలిపో. ముందు గరివిడిలో దిగు," అంది.

దిగేను. వాళ్ళింటి తలుపు అదే తీసింది. నమస్కారం లేదు, కుశలం లేదు, విరిగిన ముక్కా సీసా దాని ముందు పెట్టి, "నీ తప్పు కాదే. నా జిగురే చేసింది," అన్నాను.

అది లోపలికెళ్ళి మంచం కింద నుంచి ఒక పలక తెచ్చింది. పలకలు కోయగా మిగిలితే మేం పారేసిన తునక. దాని నిండా కన్నాలు, కన్నాల నిండా స్క్రూలు. జిగురు లేకుండా, ఇంక తిరగనంతవరకూ బిగించేసింది. ఒక్క పగులు లేదు.

"నిజంగానే నా సెయ్యి మంచిది కాదేటోనని వారం నుంచి బిగించి సూస్తన్నాను," అంది. "అన్నం కలుపుతున్నా సేతికేసే సూసుకుంతన్నాను."

నాకు ఏడుపొచ్చేసింది. "ఇది తెచ్చి నా మొహాన కొట్టొచ్చు కదే!"

"కొడితే ఇంటావేటి నువ్వు? నువ్వే రావాల. అందరి ముందరా అన్నావు కదా, అందరి ముందరే సెప్పు."

సోమవారం ల్యాబులో విరిగిన ముక్కనీ, దాని పలకనీ బల్ల మీద పక్కపక్కన పెట్టేను. "పలకలు పగలగొట్టింది నేను," అన్నాను. బల్లకేసి చూస్తూ గొణిగేనంతే.

"ఇనబడలేదు. ఇంకోపాలి," అంది అది, తలుపు దగ్గర నుంచి.

ఈసారి అరిచేను. పక్క గదిలోంచి సారు తొంగి చూసేరు. అందరూ గొల్లుమన్నారు, అదీ నవ్వింది.

సాయంత్రానికి కొత్త పలకలు వచ్చేయి. జిగురు అక్కర్లేకుండా పట్టుకునే, లోపల నైలాన్ ఉన్న నట్లు కూడా తెప్పించేం. స్క్రూల డబ్బా దాని ముందుకి జరిపేను. అది ఒక స్క్రూ తీసి కన్నంలో పెట్టి, తిప్పకుండా ఆగింది.

"ఎంత బిగించమంతావు?" అనడిగింది, నా మొహంలోకి చూస్తూ.

"నీ చేతికి ఎంత తోస్తే అంత," అన్నాను.