పొగ వచ్చిన రోజు దీవెన

నేను చాలా దేశాలు తిరిగాను. గడప దాటడానికి ప్రతిచోటా ఏదో ఒక మర్యాద ఉంది. ఒకచోట కుడికాలు ముందు, ఇంకోచోట గుప్పెడు నీళ్లు. టెక్సస్ సరిహద్దులోని మా కాలనీలో మాత్రం పెద్దవాళ్లు నుదుటి మీద వేలితో సిలువ గీసి దీవించందే పిల్లలు బయట అడుగుపెట్టరు. బడికైనా, కొట్టుకైనా అంతే.

హెర్లిందా టీచరమ్మకు పేచీ వచ్చింది ఆ మర్యాదతోనే.

రాజుల కథలు, యుద్ధాల కథలు బస్తాల కొద్దీ చదివాను గానీ, మా కాలనీవాళ్లం తలెత్తుకుని చెప్పుకునే పేరు ఈవిడది. బాలబడిలో పసిపిల్లలకు పాఠాలు చెబుతుంది. మావి రేకుల ఇళ్లు, గతుకుల మట్టిరోడ్డు. ఫైరింజను పట్నం నుంచి వచ్చేలోపు ఇల్లు మిగలదు. అందుకే పిల్లలు తమంతట తామే బయటపడాలని ఆవిడ పట్టుదల. మిరపకాయలు కాల్చినప్పుడల్లా కూస్తున్నాయని మేం పీకేసిన పొగ గంటలను కుర్చీ ఎక్కి మళ్లీ బిగించింది కూడా ఆవిడే. ఆ తర్వాత ఇంటింటికీ వెళ్లి, గంట మోగగానే పొగ కిందుగా పాకుతూ బయటపడడం పిల్లలతో సాధన చేయించింది.

ఒఫెలియా ముసలమ్మ ఇంట్లో గంట మోగించగానే, నాలుగేళ్ల మనవరాలు యారెలి బల్లిలా నేలను కరుచుకుని పాకింది. తలుపు దాకా వెళ్లి, గిర్రున వెనక్కి తిరిగి, వంటింట్లో ఉన్న అమ్మమ్మ ముందు తల వంచి నిలబడింది.

“చూశావా టీచరమ్మా! దీవెన లేకుండా కదలదు నా బంగారం!” ముసలమ్మ మురిసిపోయింది.

“చూశానమ్మా. రేపు నిజంగా వంటిల్లు అంటుకుంటే, ఆ దీవెన కోసం నీ బంగారం మంటల్లోకే వస్తుంది.”

ముసలమ్మ మొహం మాడిపోయింది. “అయితే దేవుడి పేరెత్తకుండా తరిమేయమంటావా? ఇదేనా నువ్వు నేర్పే చదువు?”

“మానమన్నానా? పొగ వచ్చిన రోజు దీవెన బయట ఇవ్వు, ఆ సర్కారు తుమ్మ కింద.”

“నేను లోపలుంటే ఎలా ఇస్తానే?”

“అందుకే నువ్వూ పాకాలి. పాకడం రాకపోతే మనవరాలు నేర్పుతుందిలే.”

యారెలి పకపకా నవ్వింది. మోకాళ్లు పట్టేసిన ముసలమ్మ టీచరమ్మను తిట్టుకుంటూనే పాకింది.

ఆ చలికాలంలో ముసలమ్మ ఇంట్లో హీటరు పక్కనున్న కర్టెను అంటుకుంది. గంట కూత విని మేం బకెట్లతో పరుగెత్తేసరికి యారెలి చెట్టు కింద ఒక్కతే నిలబడి ఉంది. హెర్లిందా పిల్లను పొదువుకుని తలుపు వైపే చూసింది. పొగలోంచి ముందు రెండు చేతులు, తర్వాత నెరిసిన తల బయటికొచ్చాయి.

“ఎంతసేపు అమ్మమ్మా! నేనెప్పుడో వచ్చేశా!”

“నోరు మూసి తల వంచవే,” అని దగ్గుతూనే ముసలమ్మ మసి వేలితో మనవరాలి నుదుట సిలువ గీసింది. తర్వాత టీచరమ్మ వైపు తిరిగింది.

“నువ్వూ వంచు.”