ఏ కొండకండీ?

మా పక్కింటి పంటు గుమస్తాగారు పోయారు. కబురు అందేసరికి నేను బడిలో మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు చెబుతున్నాను. ఫోన్ చేసింది కొబ్బరితోట రైతుగారు. "టీచరుగారండీ, మన గుమస్తాగారు ఇందాకే పోయారండి. నడక అయ్యి ఇంటికెళ్ళి కాఫీ అడిగారంటండి. పిన్నిగారు గ్లాసు పట్టుకొచ్చేసరికే కుర్చీలో తల వాల్చేశారంటండి" అన్నారు. ఆ పొద్దున్న ఏటిగట్టు మీద నేనూ ఆయనతో కలిసి నడిచాను. మనిషి పోయారని వింటే ముందు ఏడుపు రావాలి కదా. నాకు రాలేదు. "మరి కొండ?" అని అడిగాను. "అదేనండి, నాకూ ముందు అదే వచ్చిందండి నోటికి" అన్నారు రైతుగారు.

కొండ సంగతి చెప్పాలంటే ముందు ఆయన సంగతి చెప్పాలి. పంటంటే మా రేవులో మనుషుల్నీ మోటారుసైకిళ్ళనీ కార్లనీ ఒక్కసారే అవతలి ఒడ్డుకి చేర్చే బల్లపరుపు పడవ. రేవు మొదట్లో రేకుల గదిలో కూర్చుని దానికి టిక్కెట్లు చింపి ఇవ్వడమే ఉద్యోగమంతా ఆయన చేసిన పని. పంటు కదిలే వేళకి ఎవరైనా దూరంగా గంపతోనో గొడుగుతోనో కనపడితే చాలు, గదిలోంచి చెయ్యి బయటికి పెట్టేవారు. "వచ్చేవాళ్ళు వస్తున్నారు, ఆగండి" అనేవారు. పంటు నడిపే సరంగు హారన్ కొట్టేవాడు, ఎక్కినవాళ్ళు సణిగేవారు. ఆయన చెయ్యి మాత్రం దిగేది కాదు. అలాగని వచ్చేవాళ్ళని త్వరగా రమ్మని కేకలూ వేసేవారు కాదు. ఎందుకని అడిగితే, "పరిగెత్తించకూడదండీ, రేవు జారుతుంది. అవతలి ఒడ్డు ఎక్కడికీ పోదు" అన్నారు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు ఆ గొడుగుతో ఆలస్యంగా వచ్చిన మనిషిని నేనే. అప్పటినుంచి నాకు ఆయన బాబాయిగారు, ఆయన భార్య పిన్నిగారు, ఆయనకి నేను టీచరుగారు.

రిటైరయ్యాక ఆయన పొద్దున్నే గట్టు మీద నడవడం మొదలుపెట్టారు. ఆయన వెనక నేనూ, మా హెడ్మాస్టారూ, కొబ్బరితోట రైతుగారూ, లేసు అల్లే మా వీధి అక్కా చేరాం. మా ప్రాంతంలో ఎత్తంటే ఆ గట్టే. పిల్లలకి కొండ పాఠం వస్తే నేను కిటికీలోంచి గట్టునే చూపించి, దీనికంటే పెద్దదని చెబుతాను. వాళ్ళు ఎంత పెద్దదని అడిగితే నాకూ సరిగ్గా తెలీదు. ఒకరోజు నడుస్తూ నడుస్తూ ఆయన ఆగిపోయి, "ఒక్కసారి మనమందరం ఓ పెద్ద కొండెక్కి, పైనే డేరా వేసుకుని పడుకుని, పొద్దున్నే లేచి చూసి వద్దామాండీ?" అన్నారు. ఏం చూడాలో చెప్పలేదు. మేమూ అడగలేదు. అందరం సరేనన్నాం.

అప్పటినుంచి మా ఊరికి వినోదం దొరికింది. బరువు మోయడం అలవాటవ్వాలని రైతుగారి కొబ్బరికాయలు సంచుల్లో నింపుకుని, వీపుకి తగిలించుకుని, గట్టు ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. చేపలవాళ్ళు సైకిళ్ళాపి, "ఏంటండీ మేష్టారూ, కాయలు ఎక్కడికండీ?" అని అడిగేవారు. "కొండకండీ" అని మా హెడ్మాస్టారు ఠీవిగా జవాబిచ్చేవారు. ఏ కొండకని వాళ్ళూ అడగలేదు. వాళ్ళలో ఒక్కరు అడిగినా బాగుండేది.

తర్వాత డేరా వచ్చింది. బాబాయిగారే ఫోనులో చూసి తెప్పించారు. పెద్ద పళ్ళెమంత గుండ్రటి సంచిలో చుట్టి ఉంది. హాల్లో తాడు విప్పారో లేదో అది ఒక్కసారి ఎగిరి విచ్చుకుని, టీవీని పక్కకి తోసి, పిన్నిగార్ని వంటింటి గుమ్మంలోనే బందీ చేసింది. మళ్ళీ మడవడం ఆయన వల్ల కాలేదు. మా హెడ్మాస్టారు కాగితం మీదున్న బొమ్మలు చూసి ప్రయత్నిస్తే అది ఆయన చెంపకి తగిలింది. ఆఖరికి అయిదుగురం కలిసి, విప్పింది విప్పినట్టే దొడ్డి గుమ్మంలోంచి మోసుకెళ్ళి గట్టు మీద పెట్టాం. "మరి కొండకెలా తీసుకెళ్తామండీ బాబాయిగారూ?" అని అడిగాను. "ఆ రోజుకి అదే మడతపడుతుందిలెండి" అన్నారు. మధ్యాహ్నాలు అందులో పడుకుని పేపరు చదువుకునేవారు. బయటికి ఆయన పాదాలు రెండూ కనిపించేవి.

అంత్యక్రియల రోజు జనం గట్టు మీద కూడా నిండారు. ఎండకి ఎవరెవరో ఆ డేరా నీడన కూర్చున్నారు. నేను బైబిలు పట్టుకుని పెరిగినదాన్ని, వాళ్ళ తంతు నాకు తెలీదు. ఎక్కడ నిలబడాలో తెలియక డేరా పక్కనే నిలబడ్డాను. ఏడుపు అప్పుడూ రాలేదు. లోపల పేపరు, కళ్ళజోడు పెట్టె అలాగే ఉన్నాయి. వాటిని తీయాలో ఉంచాలో తేల్చుకోలేక చూస్తూ ఉండిపోయాను.

పెద్దకార్యం నాడు భోజనాలయ్యాక మేం నలుగురం వెనక వసారాలో కూర్చున్నాం. హెడ్మాస్టారు మెల్లగా గొంతు సవరించుకున్నారు. "వ్యాను మాట్లాడానండి రెండో శనివారానికి. వద్దని చెప్పాలో, రమ్మనాలో తెలీడం లేదు. వెళ్తే ఆయనకి తృప్తిగా ఉంటుందా, తప్పుగా ఉంటుందా?" అన్నారు. లేసక్క కళ్ళు తుడుచుకుని, "వెళ్దామండీ. దేవుడికి ఆయన పేరు మీద పూజ చేయిద్దాం" అంది.

"ఏ దేవుడికక్కా?" అన్నాను.

"కొండ మీద దేవుడికే. దేవుడు లేని కొండ ఎవరెక్కుతారు?"

"అబ్బే, పాపికొండలు కదండీ. లాంచీలో వెళ్ళి దిగి ఎక్కడమే కదా" అన్నారు రైతుగారు.

"లాంచీ ఏంటండీ! నేను అరకు అని వ్యానువాడితో బేరమాడితేనూ" అన్నారు హెడ్మాస్టారు.

నేను నోరు మూసుకున్నాను. మంచు పడే కొండనుకుని రెండు స్వెట్టర్లూ, చెవులు మూసే టోపీ కొనుక్కున్నదాన్ని నేను. ఉప్పుగాలి తగిలే మా ఊళ్ళో వాటిని బీరువాలో చూసినవాళ్ళు నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. నలుగురం నాలుగు కొండలకి సిద్ధమయ్యాం! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమని ఊరికే అన్నారా? ఆయనకి మాత్రం తెలిసే ఉంటుందని నలుగురం లేచి పిన్నిగారి దగ్గరికి వెళ్ళాం. అలాంటి రోజున అలాంటి ప్రశ్న అడగడానికి సిగ్గేసింది. అయినా అడిగాను. "పిన్నిగారూ, బాబాయిగారు వెళ్దామనుకున్నది ఏ కొండకండీ?"

ఆవిడ మా మొహాలు చూసి, "అదేంటమ్మా, నన్నడుగుతారు? మీరు చెబుతారనే కదా ఆయన ఆగారు!" అన్నారు. "ఎక్కడికెళ్దామండీ అని ఒక్కొక్కళ్ళనీ అడిగారంట కదా. అందరూ మీ ఇష్టమండీ, మీ ఇష్టమండీ అన్నారంట. 'మొహమాటపడుతున్నారే. ఎవరి మనసులో ఏ కొండుందో, వాళ్ళే బయటపెడతారు, తొందరపెట్టకూడదు' అనేవారు. పోయిన రోజు పొద్దున్న కూడా, 'ఇవాళైనా టీచరుగారు చెబుతారనుకున్నానే' అనుకుంటూనే కుర్చీలో కూర్చున్నారమ్మా."

నిజమే. అడిగారు. ఒకసారి కాదు, చాలాసార్లు అడిగారు. ప్రతిసారీ నేను, "మీరెక్కడంటే అక్కడేనండీ బాబాయిగారూ" అన్నాను. అది మర్యాద అనుకున్నాను. మా గోదావరి జిల్లాల మర్యాద అంతేనేమో. కంచంలో రెండో గారె వేయించుకోవడానికి నాలుగుసార్లు వద్దంటాం. ఆయనకీ ఆ సంగతి తెలుసు కాబట్టి, నేను అయిదోసారికి నోరు విప్పుతానని చెయ్యి అడ్డం పెట్టుకుని పంటు ఆపారు. నేను రేవు దాకా వచ్చి కూడా ఎక్కలేదు.

అప్పుడు ఏడ్చాను. ఏడుస్తుంటే నవ్వూ వచ్చింది. ఏది ఆపాలో తెలీలేదు. ఇప్పటికీ తెలీడం లేదు. ఆయన మనసులో తనదంటూ ఒక కొండ ఉండేదా? లేక మా నలుగురి మనసుల్లో ఉన్నదే ఆయనకి చాలా? పిన్నిగార్ని అడిగితే, "ఏమోనమ్మా, నలభై ఏళ్ళు కాపురం చేశాను, నా దగ్గరా నీ ఇష్టమనే అన్నారు" అన్నారు.

"మారేడుమిల్లి పైనున్న కొండకి వెళ్దాం" అని అనేశాను. ఎందుకన్నానో నాకే తెలీదు. అక్కడ మంచు పడదు, నా స్వెట్టర్లు దండగే. "మీ ఇష్టమండీ" అన్నారు ముగ్గురూ ఒక్కసారే. "ఇంకొక్కసారి ఎవరైనా మీ ఇష్టమన్నారంటే ఊరుకోను. ఇష్టమైతే ఇష్టమనండి, కష్టమైతే కష్టమనండి" అని కసిరాను. రైతుగారు బెదిరిపోయి, "నాకు ఇష్టమేనండి, లాంచీ లేకపోయినా పర్లేదండి" అన్నారు. లేసక్క, "దేవుడు లేకపోతే మనమే ఓ రాయికి బొట్టు పెడదాం" అంది.

అప్పుడు పిన్నిగారు, "నేనూ వస్తానమ్మా" అన్నారు. ఎన్నిసార్లు రమ్మన్నా, నా మోకాళ్ళకి కొండలేంటండీ అని తప్పించుకున్న మనిషి ఆవిడ. "ఏడాది వెళ్ళేదాకా నన్ను ఊరు దాటనివ్వరు. నన్నొదిలేసి వెళ్ళిపోరు కదా?"

"ఏడాదా!" అన్నారు హెడ్మాస్టారు. "వ్యానువాడికి ఏం చెప్పమంటారు?"

"వచ్చేవాళ్ళు వస్తున్నారు, ఆగమనండి" అన్నాను.

డేరా ఇంకా గట్టు మీదే ఉంది. మడవడం ఎవరికీ చేతకాలేదు, చేతనైనా మడిచేవాళ్ళం కాదేమో. మొన్న తెల్లవారుతుండగా నేను నడకకి వెళ్ళేసరికి, ఎవరో నెమ్మదిగా గట్టు ఎక్కుతున్నారు. పిన్నిగారు. వీపుకి ఆయన సంచి. అడుగు పడ్డప్పుడల్లా లోపల కొబ్బరికాయలు ఒకదానికొకటి తగులుతున్నాయి. "ఊరు దాటకూడదన్నారు గానీ, గట్టు మన దొడ్డేగా" అన్నారు నన్ను చూసి. పైకెక్కి, డేరా గుమ్మంలో కూర్చుని, ఆయాసం తీరేదాకా కాళ్ళు బయటికి చాపుకున్నారు.